కుటుంబ చరిత్ర పరిశోధన (తెలుగు కుటుంబాలు)

ఒక కుటుంబపు తరాలను, బంధుత్వాలను, వలసలను జ్ఞాపకాల నుంచీ పత్రాల నుంచీ తేల్చే పని. కాగితాల కన్నా ముందు ఇంటి పెద్దలను, ముఖ్యంగా అమ్మమ్మ, నాయనమ్మలను అడగాలి. పెళ్లితో స్త్రీల ఇంటిపేరు మారడంతో వాళ్ల పుట్టింటి శాఖ చాలా వంశవృక్షాల్లో కనిపించదు. ఇంటిపేరు తరచూ పూర్వీకుల ఊరిని సూచిస్తుంది. కానీ సంబంధం లేని కుటుంబాలకూ అదే ఇంటిపేరు ఉండవచ్చు, దత్తతతో మారనూవచ్చు. దానొక్కదాన్నే నమ్మకూడదు.

గట్టి ఆధారం భూమి పత్రాలే. పాత దస్తావేజుల్లో అమ్మినవారి, కొన్నవారి తండ్రుల పేర్లు సాధారణంగా ఉంటాయి. అడంగళ్లలోని (గ్రామ సాగు లెక్కల్లోని) ఫసలీ (రెవెన్యూ) సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: ఫసలీ 1310 అంటే 1900–01. నిజాం కాలపు రికార్డులు చూడాలంటే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఉర్దూ, పారశీకం చదివేవారు వెంట ఉంటే మేలు. కాశీ, గయ యాత్రలు చేసిన కుటుంబాలకు పండాల (అక్కడి తీర్థ పురోహితుల) పుస్తకాలూ పనికొస్తాయి.

మద్రాసు రేవు నుంచి 1860 మొదలుకొని దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి సంతతికి ఓడ జాబితాలే దిక్కు. వాటిలో తండ్రి పేరు, వయసు, కులం, ఊరు నమోదయ్యాయి. గుమాస్తాలు విన్నట్టు రాసుకున్న ఇంగ్లీషు స్పెల్లింగుల నుంచి ఊరి అసలు పేరు పట్టుకోవడమే కష్టం.