రాయవేలూరు డాక్టరమ్మ, మా అవ్వ మాత్రలు

మా బంగారుపాళ్యం పక్క జబ్బు కాస్త ముదిరిందంటే పెద్దోళ్లు అనే మాట ఒకటే: "రాయవేలూరుకి తీసకపోండి." వేలూరు ఇప్పుడు తమిళనాడు. కానీ 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లానే. దానికి కేంద్రం మన చిత్తూరే! ఈ ఎపిసోడ్ కోసం చదివేదాకా నాకూ తెలీదు.

అక్కడి సీఎంసీ ఆసుపత్రి వెనక ఒక రాత్రి కథ ఉంది. 1890ల మొదట్లో, తిండివనంలో. అమెరికన్ డాక్టర్ జాన్ స్కడర్ కూతురు ఐడాకు అప్పుడు ఇరవై దాటాయంతే. డాక్టర్ అవ్వాలని కూడా లేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, ఇంకో హిందువు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. నాన్నను పంపిస్తానంది ఐడా. పరాయి మగాడు చూడకూడదని వెళ్లిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు.

ఐడా అమెరికా వెళ్లి 1899లో డాక్టరై, 1900లో తిరిగొచ్చి వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. గుడియాత్తం రోడ్డు మీద చెట్ల కింద ఆగి రోగులను చూసేది. 1918లో ఆడపిల్లల కోసమే మెడికల్ స్కూల్ పెట్టింది.

అందరూ ఈ కథ ఐడా గురించే చెప్తారు. నేను మాత్రం ఆ తలుపు దగ్గరే ఆగిపోయా. వచ్చినవాళ్లంతా మొగుళ్లు. దుర్మార్గులని అనలేను, అర్ధరాత్రి పరిగెత్తుకొచ్చారు కదా. కానీ నొప్పులు పడతా ఉన్న ఆ ముగ్గురిని ఎవరైనా అడిగారా? కథలో వాళ్ల మాట ఒక్కటీ లేదు.

నేనేం తక్కువ తినలేదు. రెండేళ్ల కింద బీపీ చూపిద్దామని మా అవ్వను చిత్తూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లా. డాక్టర్ అవ్వను అడిగిన ప్రతిదానికీ జవాబు నాదే. మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అంటే "ఆ, రెగ్యులర్ సార్" అన్నా. మాత్రలు వేసుకుంటున్నా బీపీ తగ్గలేదనుకుని ఆయన డోసు పెంచాడు.

ఇంటికొచ్చాక అవ్వ మెల్లగా చెప్పింది. రాత్రి లేస్తే కళ్లు తిరుగుతున్నాయని నెల నుంచీ ఆ మాత్రే మానేసిందట.

"అక్కడే చెప్పొచ్చు కదవ్వా?"

"నువ్వు చెప్తాంటివి కదరా, మధ్యలో నేనేం చెప్పేది?"

మర్నాడు మళ్లీ పోయాం. ఈసారి అవ్వే చెప్పింది, పది నిమిషాలు. డాక్టర్ మాత్ర మార్చాడు. అప్పట్నుంచీ ఏ ఆసుపత్రికి పోయినా ఆమె ముందు నా చేతిలోని చీటీ తీసుకుంటుంది, తర్వాత బయట బెంచీ చూపిస్తుంది.