యోగాభ్యాసము: ఫలమెంత, ప్రచారమెంత



నేను 33 సంవత్సరములు పల్లెటూరి పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. నేటి ప్రసంగమునకు యోగమును విషయముగా గ్రహించుటకు గల కారణమును ముందుగనే విన్నవించెదను. కొన్నియేండ్ల క్రిందట మా యూరి రచ్చబండ యొద్ద యోగమహిమను గూర్చి రెండు గంటలు మాటలాడితిని. యోగులు గుండెను నిలుపగలరనియు, ప్రాణాయామము చేయువానికి ఏ మందును అక్కరలేదనియు ఘంటాపథముగ పలికితిని. విన్నవారిలో నా బాల్యమిత్రుడొకడు రక్తపుపోటు కలవాడు. అతడు నా మాట నమ్మి మాత్రలు మానివేసెను. నాలుగు నెలలు తిరుగకముందే పక్షవాతము వచ్చి అతని కుడిచేయి పడిపోయినది. నేను చూడబోయినప్పుడు అతడు నన్ను నిందింపలేదు. "నీవు చదువుకొన్నవాడవు గదరా!" అని మాత్రమనెను. ఆ యొక్క మాట నన్ను మరల విద్యార్థిని చేసినది. నేను యోగమును విడువలేదు. దాని చరిత్రను మొదటినుండి చదువసాగితిని. అందు తెలిసినదానిని నేడు మీ ముందుంచెదను.

మన పెద్దలు యోగమునకు ప్రమాణముగా నెంచునది పతంజలి యోగసూత్రములు. ఆ గ్రంథము రమారమి 1600 సంవత్సరముల క్రిందటిదని పలువురు పండితుల అభిప్రాయము. సుమారు 195 సూత్రములు గల ఆ గ్రంథమున ఆసనమును గూర్చి నేరుగ చెప్పునవి మూడే! కదలక, కష్టము లేక కూర్చుండగలుగుటయే ఆయన దృష్టిలో ఆసనము. తక్కినదంతయు మనస్సును గూర్చినదే. యమ నియమములతో మొదలై సమాధితో ముగియు ఎనిమిది అంగములును చిత్తమును నిలుపుటకే ఉద్దేశింపబడినవి. ఇందొక విశేషము నన్ను ఆలోచింపజేసినది. యోగమునకు అడ్డువచ్చు తొమ్మిది విఘ్నములను చెప్పుచు పతంజలి మొట్టమొదట వ్యాధిని పేర్కొనెను. అనగా రోగము యోగమునకు శత్రువనియే ఆయన భావము. యోగమున్నది గనుక రోగమును లెక్కచేయ నక్కరలేదని ఆయన ఎచ్చటను చెప్పలేదు.

శరీరమును సాధనముగా జేసికొన్న హఠయోగము తరువాతి కాలమున వృద్ధిబొందినది. 15వ శతాబ్దమున స్వాత్మారాముడు హఠప్రదీపికను రచించి 15 ఆసనములను వర్ణించెను. ఆసన ప్రాణాయామములవలన రోగములు నశించునని అందు గొప్పగా చెప్పబడినది. ఆ మాటలనే నేను రచ్చబండ మీద వల్లించితిని. కాని క్రమము తప్పి ఊపిరి బిగబట్టినవానికి ఎక్కిళ్లు, ఉబ్బసము, తలనొప్పి, చెవిపోటు, కంటిబాధ కలుగునని ఆ గ్రంథమే హెచ్చరించుచున్నది. ఆ భాగమును మాత్రము నేను చెప్పలేదు. ఫలశ్రుతి చదివి నియమములు విడుచుట మనలో చాలమందికి అలవాటు!

ఈ విద్య తెలుగునాటికి క్రొత్తది గాదు. శ్రీశైల మల్లికార్జునస్వామి ఆలయ ప్రాకారమును ప్రదక్షిణము చేసినవారు, విజయనగర ప్రభువుల కాలమున మలచబడిన ఆ రాళ్లమీద నానావిధాసనములలోనున్న సిద్ధులను చూచియుందురు. 15వ శతాబ్దివాడగు గౌరన కవి మత్స్యేంద్ర గోరక్షాది సిద్ధుల కథలను నవనాథచరిత్రమను పేర తెనిగించెను. ఓరుగంటివాడగు పరశురామపంతుల లింగమూర్తి సీతారామాంజనేయ సంవాదమున తారక, సాంఖ్య, అమనస్కయోగములను తేటతెలుగు పద్యములలో బోధించెను. మా తాతగారు ప్రతి సాయంకాలమును దానిని పఠించి, కనులు మూసికొని కొంతసేపు ఊరకుండెడివారు. ఆ వేళ ఇంటిలో ఎవ్వరును బిగ్గరగా మాటలాడెడివారము కాము. ఇక వేమన యోగి మాట! మనస్సు నిలువని వాడు ఒడలెంత వంచినను అది పహిల్వాను సాముకన్న తక్కువేయని ఆయన నిర్మొగమాటముగ చెప్పెను.

గడచిన నూరేండ్ల చరిత్ర వేరు. యోగమును యంత్రములతో పరీక్షించుట అప్పుడు బలపడినది. 1924లో స్వామి కువలయానంద లోనావ్లాయందు కైవల్యధామమును స్థాపించి, ఎక్స్‌రే మొదలగు సాధనములతో ఆసనములను, క్రియలను పరిశోధించెను. 1930వ దశకమున మైసూరు మహారాజు ఆశ్రయమున తిరుమల కృష్ణమాచార్యులు యోగశాలను నడపి ఎందరో శిష్యులను తయారుచేసెను. 1935లో ఫ్రాన్సు దేశపు వైద్యురాలు తెరేజ్ బ్రోస్ మన దేశమునకు వచ్చి యోగుల హృదయగతిని యంత్రముతో నమోదు చేసెను. గుండె నిలుపు యోగులను ప్రచారమునకు ఆ పరీక్షలు బలమిచ్చినవి.

ఆ మాట నిజమేనా? అమెరికావాడగు వెంగర్, అచ్చట స్థిరపడిన వంగదేశీయుడు బాగ్చి, ఢిల్లీ వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు కలసి, గుండెను నిలుపగలమన్న కొందరిని పరీక్షించి 1961లో ఫలితములను ప్రకటించిరి. ఊపిరి బిగబట్టి ఛాతీకండరములను గట్టిగా బిగించుటచే గుండెచప్పుడు వినరాకపోయినది, చేతినాడియు అందకపోయినది. కాని విద్యుద్యంత్రపు రేఖ గుండె కొట్టుకొనుచునే యున్నదని చూపినది. నేను 30 ఏండ్లకు పైగా పిల్లలకు చెప్పినది ఇట్లు తప్పని తేలినది. ఆ కాలముననే ఆనంద్ గారు తన సహచరులతో గూడి రామానందయోగిని గాలి చొరని పెట్టెలో నుంచి చూడగా, ఆయన దేహము ప్రాణవాయువును మామూలుకంటె తక్కువగ వినియోగించుట కనబడినది. గుండె నిలుచుట అబద్ధము. దేహము నెమ్మదించుట నిజము. చరిత్ర మనకు రెండింటిని ఒక్కచోటనే చూపినది.

రక్తపుపోటును గూర్చియు ఒక కథ కలదు. చంద్రా పటేలు అను వైద్యురాలు ఇంగ్లండున 20 మంది రోగులకు యోగపద్ధతిని విశ్రాంతిని, ధ్యానమును నేర్పి, 1973లో ఫలితములను ప్రకటించెను. అందు ఐదుగురికి మందులు పూర్తిగా నిలిపివేయబడినవి. మరి ఏడుగురికి తగ్గింపబడినవి. తక్కినవారికి తగ్గలేదు. ఇచ్చట గమనింపవలసినది ఒక్కటే. మందు తగ్గించినది వైద్యురాలు. రోగి తనంతట తాను మానలేదు. నా మిత్రుని విషయమున జరిగినది దీనికి పూర్తిగా విరుద్ధము.

2017లో అమెరికా వైద్యసంఘమొకటి నడుమునొప్పికి మందులకంటె ముందు ప్రయత్నింపదగిన ఉపాయములలో యోగమును చేర్చినది. ఆ యేడే అచ్చటి హృద్రోగసంఘము ధ్యానమువలన గుండెకు కొంత మేలు కలుగవచ్చుననియు, అది చికిత్సకు తోడే గాని బదులు గాదనియు చెప్పినది. ఐక్యరాజ్యసమితి 2014లో తీర్మానించి జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా నిర్ణయించినది. లోకమంతయు మన్నించిన విద్యకు మనము అబద్ధపు అలంకారములు తొడుగనేల?

పెద్దలారా! మన వయసువారు తెల్లవారుజామున లేచి, వెన్ను నిటారుగ నుంచి, ఊపిరిని బిగబట్టక మెల్లగ విడుచుచు పావుగంట కూర్చుండుట సులభము. నేల మీద కూర్చుండలేనివారు కుర్చీ మీద కూర్చుండవచ్చును. గుండెజబ్బు, రక్తపుపోటు, కంటిలో నీటికాసులు గలవారు తలక్రిందులుగ నిలుచుట, కుంభకము పట్టుట తగదు. మాత్ర మానవలెనా యను ప్రశ్నకు సమాధానము రచ్చబండ మీద దొరకదు. వైద్యుని యొద్దనే దొరకును.

నా మిత్రుడు ఇప్పుడు ప్రతి ఉదయమును మా యరుగు మీదికి వచ్చును. ముందు ఎడమచేతితో మాత్ర వేసికొనును. పిమ్మట ఇద్దరమును కనులు మూసికొని కూర్చుందుము. అతని కుడిచేయి ఇంకను పూర్తిగా లేవలేదు. అది నా కన్నుల ముందున్నంతకాలము, తెలియని మాటను తెలిసినట్లు చెప్పుటకు నాకు నోరు రాదు.