తోడు చుక్క వెనుక చరిత్ర

మీది హోసూరు కావచ్చు, కోలారు కావచ్చు, బరంపురం కావచ్చు. రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి తోడుపెట్టడం మనందరి ఇళ్లలోనూ ఉన్నదే. తోడు అనండి, చేమిరి అనండి, ఆ చెంచాలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. పాలు తోడుకోవడం వాటి చలవే. మరి మన రోగనిరోధక శక్తికి కూడా అవి తోడవుతాయా? ఈ ప్రశ్నకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

1905లో స్టామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియా యువకుడు జెనీవాలో పరిశోధన చేస్తూ, తమ దేశపు పెరుగులో ఒక సూక్ష్మజీవిని గుర్తించాడు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఉన్న మెచ్నికోవ్‌ను ఈ విషయం ఆకర్షించింది. పేగుల్లో కుళ్లు పుట్టించే క్రిముల వల్లే ముసలితనం వస్తుందనీ, పుల్లని పాలు వాటిని అణచివేస్తాయనీ ఆయన 1907లో రాశారు. రోగక్రిములను మింగే కణాలు మన ఒంట్లో ఉన్నాయని చూపినందుకు 1908లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆయుష్షు పెరుగుతుందన్న మాట రుజువు కాలేదు. క్రిముల్లో మేలు చేసేవీ ఉంటాయన్న మాట నిలిచింది.

తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులే ప్రొబయోటిక్స్ అని 2001లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. ఇవి పేగుల్లో చెడు క్రిములకు చోటు దక్కకుండా పోటీపడతాయి. పేగు గోడలోని రక్షణ కణాలను మేల్కొలుపుతాయి. అయితే అన్ని రకాలూ ఒకే పని చేయవు.

ఒక పెద్ద పరీక్ష మన పొరుగునే, ఒడిశా పల్లెల్లో జరిగింది. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. 4,556 మంది నవజాత శిశువుల్లో సగం మందికి ఒక ఎంపిక చేసిన ప్రొబయోటిక్‌ను, దానికి ఆహారమయ్యే పీచు చక్కెరతో కలిపి ఏడు రోజులు ఇచ్చారు. అరవై రోజుల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కో, మరణానికో గురైనవారు మిగతా బిడ్డల్లో నూటికి 9 మంది, వీరిలో 5.4 మాత్రమే.

ఇది విని పసిబిడ్డ నోట్లో పెరుగు పెట్టకండి. ఆరు నెలల దాకా తల్లిపాలే ఆహారం. ఆ పరీక్షలో ఇచ్చింది ఎంచి, కొలిచి ఇచ్చిన సూక్ష్మజీవి. ఇంటి పెరుగులో ఏ రకం, ఎంత ఉందో చెప్పలేం. మజ్జిగ పులుసు కాచితే ఉన్నవీ చనిపోతాయి. పెద్దలు పెరుగన్నం హాయిగా తినండి. అది మంచి ఆహారం; మందు కాదు. జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరకే వెళ్లండి.