ఏథెన్సు పెంకుల తీర్పు

క్రీస్తుకు పూర్వము 510 లో హిప్పియసు అను నిరంకుశ ప్రభువును వెడలగొట్టిన పిమ్మట, మరల అట్టి ఏకనాయకుడు తలయెత్తకుండుటకై ఏథెన్సు పౌరులు కల్పించుకొనిన ఉపాయములలో మిక్కిలి విచిత్రమైనది పెంకుల తీర్పు. దానిని విధించినవాడు క్లైస్థెనీసు అని ప్రాచీనులు చెప్పుదురు. తొలిసారి అమలైనది మాత్రము మారథాను యుద్ధము ముగిసిన మూడేండ్లకు, క్రీ.పూ. 487 లో.

ఈ యేడు ఎవనినైన వెలివేయవలయునా యని ఏటేట ప్రజాసభను అడుగుదురు. అప్పుడు ఎవరి పేరును ఎత్తరు. నేరారోపణ లేదు, వాదప్రతివాదములు లేవు. సభ ఔనన్నచో, కొన్ని వారములు గడచిన పిదప, నగరమధ్యమందలి విపణిప్రాంగణమునకు కంచె కట్టి, పౌరుల పది గణములకు పది ద్వారములు విడుతురు. ప్రతి పౌరుడును తాను వెడలింపగోరిన వాని పేరు పగిలిన కుండపెంకుపై గీసి తెచ్చి అందు వేయును. మొత్తము 6,000 పెంకులకు తగ్గినచో ఆ తీర్పు చెల్లదని ప్రాచీన రచయిత ప్లూటార్కు వ్రాసెను. ఎవని పేర హెచ్చుగా పడునో అతడు పది దినములలో నగరము వీడి పదేండ్లు పరదేశమున గడపవలెను.

అయితే అతని భూములు అతనివే, వాని రాబడియు అతనిదే. గడువు తీరి తిరిగివచ్చిన నాడు పౌరసత్వమునకు లోపము లేదు. పూర్వము ఒక కక్ష గెలిచినచో ఎదిరిపక్షపు కుటుంబములకు కుటుంబములే దేశాంతరము పాలగుచుండెను. ఓడినవాని యిల్లు కూలకుండ, రక్తపాతము లేకుండ, ఒక్కనిని మాత్రము కొంతకాలము దూరముంచుటతో కలహము చల్లారవచ్చునని గ్రహించుట రాజనీతిలో సామాన్యమైన అభ్యుదయము కాదు. ఈ సౌమ్యతయే ఆ చట్టమునకు ప్రాణమని నా విశ్వాసము.

కాని చట్టము నిరంకుశుని భయముచేత పుట్టినది. దానిని చేపట్టినది అసూయ. అరిస్టైడీసు అను నాయకుని క్రీ.పూ. 482 లో వెడలింపజేసిన నాడు, అక్షరము రాని పల్లెవాడొకడు, ఎదుటివాడెవరో యెరుగక, ఆ పేరు వ్రాసి పెట్టుమని అతనినే అడిగెననియు, ఏమి అపకారము చేసెనన్నచో, ఏమియు లేదు, అతనిని ధర్మాత్ముడని అందరును పొగడుట విని విసిగితిననెననియు ప్లూటార్కు కథ. కథ నిజమగునో కాదో కాని, ఆ విసుగు నిజము. అసూయకు తోడు కుట్రయు చేరినది. 1937 లో అక్రోపోలిసు ఉత్తరపు వాలున ఒక పాడుబావియందు థెమిస్టోక్లీసు పేరు గల పెంకులు సుమారు 190 దొరకగా, పండితులు వ్రాత పోల్చి చూచి, అవియన్నియు పదునలుగురి చేవ్రాతలే యనిరి. ఎవరో ముందుగనే వ్రాయించి, పంచుటకై సిద్ధపరచినవన్నమాట. సలామిసు జలయుద్ధమున గ్రీసును కాపాడిన వానికే ఈ సన్నాహము! అతడును వెలియైనవాడే, తుదకు పారసీక చక్రవర్తి నాశ్రయించి, ఆ గడ్డపైననే మరణించెను.

ఆచారమునకు అంత్యకాలము క్రీ.పూ. 417 ప్రాంతమున వచ్చెను. నికియసు, ఆల్కిబయడీసు అను నాయకులలో ఒకడు పోవలసిన సమయమున, ఆ ప్రత్యర్థు లిరువురును లోలోపల ఏకమై, తమ అనుచరుల పెంకులను హైపర్బోలసు అను మూడవవానిపై మళ్లించిరి. మహాపురుషుల కొరకు ఏర్పడిన దండన అట్టి అల్పునికి పట్టెనని జనులు మొదట నవ్విరి, తరువాత రోసిరి. అటుపై ఎవనికిని ఆ శిక్ష పడలేదు. అయినను చట్టమును ఎవరును రద్దు చేయలేదు. దాదాపు తొంబదేండ్ల తరువాత, అరిస్టాటిలు పేర వెలసిన ఏథెన్సు రాజ్యాంగ గ్రంథమునాటికిని, పెంకులు వేయవలయునా యని ఏటేట ప్రజాసభను అడుగుచునే యుండిరి.