చక్కెర మందైన కథ



మధుమేహము మన దేశమునకు క్రొత్త వ్యాధి కాదు. రోగి మూత్రమునకు చీమలు మూగుట చూచి మన ప్రాచీన వైద్యులే దీనిని గుర్తించిరి. రక్తమున చక్కెర హెచ్చుటచే గలుగు చేటు చిరకాలముగా మనమెరిగినదే. అదే చక్కెర మిక్కిలి తగ్గినను ప్రాణాపాయమే యని వైద్యలోకము స్పష్టముగా గ్రహించి మాత్రము నూరేండ్లకు కొంచెము మించినది. ఆ చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

ఇన్సులిన్ లేని దినములలో మధుమేహమునకు లంఘనమే ముఖ్య చికిత్స. అమెరికాలో ఆలెన్ అను వైద్యుడు రోగులను అర్ధాకలితో నుంచి వారి యాయువును కొంతకాలము పొడిగించుచుండెను. నాటి రోగికి చక్కెర పరమశత్రువు.

1921వ సంవత్సరమున కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను నిరువురు, ఆచార్య మెక్లియాడ్ గారి ప్రయోగశాలలో, క్లోమమునుండి ఒక సారమును తీసి, దానిచే కుక్కల రక్తమున చక్కెర తగ్గుట చూచిరి. 1922 జనవరి 11వ తేదీన లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు అట్టి సారమును సూదిమందుగా నిచ్చిరి, ఫలము స్వల్పము. రసాయనవేత్తయగు కాలిప్ శుద్ధిచేసిన మందును అదే నెల 23వ తేదీన ఈయగా, బాలుడు తేరుకొనెను. అదియే ఇన్సులిన్.

ఆ కాలిప్ పరీక్షలలోనే మరియొక సంగతి బయల్పడెను. మందు బలమును నిర్ణయించుటకై ఆయన ఆరోగ్యముగల కుందేళ్లకు దానిని ఎక్కించెడివాడు. మోతాదు మించినచో కుందేలు ఈడ్పువచ్చి స్పృహదప్పి పడిపోవుచుండెను. అప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తమున చక్కెర సుమారు 45 మిల్లీగ్రాములకు దిగియుండెను. గ్లూకోజు నెక్కింపగా, చచ్చినట్లు పడియున్న జంతువు తిరిగి లేచుచుండెను. ప్రాణము నిలుపు మందే మితిమీరిన ప్రాణము తీయుననియు, దానికి విరుగుడు చక్కెరయే యనియు ఆ కుందేళ్లు నేర్పినవి.

అదే యేట టొరాంటోలో ఫ్లెచర్, కాంబెల్ అను వైద్యులు ఈ స్థితిని మనుష్యులయందు గుర్తించి వర్ణించిరి. 1924లో అమెరికా వైద్యుడు సీల్ హారిస్, ఇన్సులిన్ తీసికొననివారికిని ఇట్టి బాధ కలుగవచ్చునని ప్రకటించెను. 1942లో ఫ్రాన్సునందలి మాంట్‌పెలియే నగరమున, విషజ్వరమునకై ఒక సల్ఫా మందును వాడిన రోగులలో చక్కెర ప్రమాదకరముగా పడిపోవుట జాన్‌బన్ అను వైద్యుడు కనిపెట్టెను. ఆ యపాయమునుండియే మధుమేహపు మాత్రలలో నొక తెగ పుట్టినది. నేటి గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ ఆ తెగవే. కావున సూదిమందు వాడనివారికిని ఈ ప్రమాదము కలదు.

పెద్దలారా, ఈ చరిత్ర మనకేల? మెదడునకు చక్కెరయే ముఖ్యాహారము. అది తగ్గగానే చెమటలు పట్టును, చేతులు వణకును, గుండె దడదడలాడును, ఆకలి మండును. ఇంకను తగ్గినచో మాట తడబడును, నడక తూలును, అకారణముగా కోపము వచ్చును. తుదకు మూర్ఛ కలుగును. ఇట్టివానిని చూచి త్రాగి వచ్చెనని కసరువారును, గాలి సోకెనని భూతవైద్యుని పిలుచువారును ఉందురు. ఆ జాగే ప్రాణము తీయవచ్చును. చిరకాల రోగులకు ముందు హెచ్చరికలు లేకయే మతి తప్పుటయు కలదు.

పరీక్షలో చక్కెర 70 మిల్లీగ్రాములకు లోబడినను, పరీక్షకు సాధనము లేకున్నను, స్పృహగలవానికి మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెను. బెల్లమైనను సరియే. నేతిమిఠాయి త్వరగా పనిచేయదు. చక్కెరకు బదులు వాడు తీపి బిళ్లలు పనికేరావు. 15 నిమిషములలో నెమ్మదింపనిచో మరల నీయవలెను. తేరుకొన్న పిదప అన్నమో రొట్టెయో పెట్టవలెను. స్పృహలేనివాని నోట ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108 బండిని పిలిపించి ఆసుపత్రికి చేర్పవలయును. మాత్రలవలన వచ్చిన పతనము తగ్గినట్లే తగ్గి మరల రావచ్చును గనుక, తేరుకొన్నను వైద్యునకు చూపక మానరాదు.

మందు వేసికొని భోజనము మానుట, వేళ దప్పుట, అలవాటులేని శ్రమ చేయుట, మద్యము త్రాగుట దీనికి ముఖ్యకారణములు. ఏకాదశియైనను రంజాను ఉపవాసమైనను, ముందుగా వైద్యునితో చెప్పి మోతాదు మార్పించుకొనుట విధి.

ఏండ్ల తరబడి చక్కెర ముట్టవద్దని చెప్పిన నోటితోనే, ఆ యొక్క గడియలో చక్కెర త్రాగుమని చెప్పవలసియున్నది. ఆ మాట చెప్పుటకు ఇంట నొకరు, వాడకొకరు తెలిసినవారుండవలెను. పొలమునకు పోవు రోగి మొలలో ఒక చిన్న చక్కెర పొట్లము ఉండునట్లు మీరు చూతురు గాక.