థేమ్స్‌కి ఊపిరాడలేదు

2004 ఆగస్టు మొదటి వారం. లండన్‌ మీద ఉరుములతో కుండపోత.

నది ఒడ్డున, హామర్‌స్మిత్‌, లాట్స్ రోడ్ పంపింగ్ స్టేషన్లలో నీటిమట్టం ఎగబాకుతోంది. వాన లేని రోజు ఆ కాలువల్లో మురుగు మెల్లగా సాగిపోతుంది. ఇప్పుడు డాబాల మీదా రోడ్ల మీదా పడ్డ నీళ్లన్నీ వాటిలోకే దూకుతున్నాయి. నగరం నడిబొడ్డున వాననీటికీ మరుగుదొడ్డి నీటికీ దారి ఒక్కటే మరి. డ్యూటీలో ఉన్నవాళ్ల ముందు రెండే మార్గాలు: మురుగు జనం ఇళ్లలోకి ఎగదన్నితే చూస్తూ ఊరుకోవడం, లేదా నదిలోకి తోడెయ్యడం. ఆలోచించడానికేముంది? పంపులు తిరిగాయి.

దాదాపు ఆరు లక్షల టన్నుల మురుగు థేమ్స్‌లో కలిసింది.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలైంది. వేసవిలో నది బక్కచిక్కి ఉంటుంది. నీళ్లు వెచ్చగా ఉంటే ఆక్సిజన్ ముందే తక్కువ. మురుగును తినే బ్యాక్టీరియా ఆ ఉన్న కాస్తా పీల్చేసింది. పైగా అక్కడ నదికి ఆటుపోట్లున్నాయి. మురుగు సముద్రానికి పోకుండా రోజుల తరబడి పైకీ కిందికీ ఊగిసలాడుతుంది. ఇలాంటప్పుడు నీళ్లలోకి ఆక్సిజన్ ఎక్కించడానికి థేమ్స్ బబ్లర్, థేమ్స్ వైటాలిటీ అని రెండు పడవలుండేవి. అంత మురుగు ముందు రెండు పడవలు ఏపాటి? చేపలు వేల సంఖ్యలో వెల్లకిలా తేలాయి.

తప్పంతా ఈ కాలువలు కట్టిన జోసెఫ్ బాజల్‌గెట్ మీదికి నెట్టడం తేలిక. నాకది న్యాయమనిపించదు. 1858 ఎండాకాలంలో నది కంపుకి పార్లమెంటే ముక్కు మూసుకున్నాక ఆయన పనికి డబ్బొచ్చింది. గొట్టం సైజు తేల్చే ముందు ఆయన వాన లెక్కలు తిరగేశాడు. ఏడాదికి సుమారు 155 రోజులు వాన పడితే, రోజులో పావు అంగుళం కురిసేది పాతిక రోజులే. ఆ పావు అంగుళాన్నే, అంటే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకునే కొలతగా పెట్టుకుని, అంతకు మించిన పొంగు నదిలోకి పోయేలా దారులు వదిలాడు. కురిసిన నీళ్లలో చాలా భాగం నేలలో ఇంకుతుందనీ, ఆవిరవుతుందనీ ఆయనకు తెలుసు.

ఆ నేల ఏదీ? తోటలూ పెరళ్లూ సిమెంటు కింద పడ్డాయి. పాతిక లక్షల జనం డెబ్బై లక్షలు దాటారు. ఎండరోజున కూడా కాలువలో ఖాళీ పెద్దగా మిగలడం లేదు. అందుకే ఇరవయ్యొకటో శతాబ్దంలో కొలిచి చూస్తే, రెండు మిల్లీమీటర్ల చినుకులకే కొన్నిచోట్ల మురుగు నదిలోకి పొంగుతోందని తేలింది. అది కూడా సగటున వారానికోసారి! ఇన్నేళ్లూ ఎవరికీ పట్టని పొంగు, చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చాక వార్తయింది.

పొంగే మురుగును పట్టి దాచే పెద్ద సొరంగం కావాలని 2005లో ఒక అధ్యయనం తేల్చింది. వాదనలకే పదేళ్లు పట్టింది. నది కింద తవ్విన ఆ 25 కిలోమీటర్ల థేమ్స్ టైడ్‌వే సొరంగానికి 2025 ఫిబ్రవరిలో చివరిదైన ఇరవయ్యొకటో కాలువను కలిపారు. ఖర్చు దాదాపు 450 కోట్ల పౌండ్లు. దాన్ని జనం తమ నీటి బిల్లుల్లోనే కడుతున్నారు.