స్టార్టప్ రాయితీలు: పెట్టుబడి పెరిగింది, మరి కంపెనీలు?

కొత్త టెక్నాలజీ కంపెనీలో డబ్బు పెట్టేవారికి ప్రభుత్వం పన్ను తగ్గిస్తే పెట్టుబడి పెరుగుతుందా? పెరుగుతుంది. ఈ విషయంలో పెద్దగా తగాదా లేదు. అలా పెరిగిన డబ్బుతో, లేకపోతే పుట్టి ఉండని కంపెనీలు పుట్టాయా, కొత్త ఉద్యోగాలు వచ్చాయా అన్నది వేరే ప్రశ్న. ప్రభుత్వ ప్రకటనలు సాధారణంగా మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి ఆగిపోతాయి. ఖర్చయ్యేది ప్రజల డబ్బు కాబట్టి రెండోదే మనకు ముఖ్యం.

దీనికి అమెరికాలో మంచి ఆధారం దొరుకుతుంది. సొంత సొమ్మును తొలిదశ కంపెనీల్లో పెట్టే సంపన్నులను ఏంజెల్ ఇన్వెస్టర్లు అంటారు. వీరికి అక్కడ 30కి పైగా రాష్ట్రాలు పన్ను రాయితీలు ఇచ్చాయి. అన్నీ ఒకేసారి కాదు, ఒక్కో రాష్ట్రం ఒక్కో ఏడాది మొదలుపెట్టింది. అందుకే రాయితీ ఉన్నచోటును లేనిచోటుతో, ముందు కాలాన్ని తర్వాతి కాలంతో పోల్చి చూడటం వీలైంది. మాథ్యూ డెనెస్, సబ్రీనా హోవెల్, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ పని చేసి 2023లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో ప్రచురించారు. ఏంజెల్ పెట్టుబడి సుమారు 18 శాతం పెరిగింది. కొత్త కంపెనీల పుట్టుకలో గానీ, వాటిలో ఉద్యోగాల్లో గానీ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. రాయితీతో పెట్టుబడి అందుకున్న కంపెనీల్లో కనీసం మూడో వంతు చోట్ల పెట్టుబడిదారుల్లో ఒకరైనా బయటివారు కారు. ఆ కంపెనీ నిర్వాహకులో, వారి కుటుంబ సభ్యులో.

కారణం ఊహించడం కష్టం కాదు. పది కంపెనీల్లో తలా పది లక్షలు పెట్టే అనుభవజ్ఞుడికి వాటిలో ఏడెనిమిది మునుగుతాయని ముందే తెలుసు. మిగిలినవాటిలో ఒకటి రెండు ఇరవై, ముప్ఫై రెట్లు తెస్తేనే అతనికి గిట్టుబాటు. ఒక్కో పెట్టుబడిపై మూడు లక్షల పన్ను తగ్గినంత మాత్రాన అతని ఎంపిక మారదు. పెట్టినదానికి రెండింతలు వస్తే చాలనుకునేవాడికి మాత్రం ఆ మూడు లక్షలు పెద్ద మొత్తమే. దాంతో రాయితీ చూసి కొత్తగా వచ్చిన డబ్బు అనుభవం తక్కువ ఉన్నవారి చేతుల మీదుగా, ఎదుగుదల తక్కువ ఉన్న కంపెనీలకు వెళ్లింది.

ఇంతమాత్రాన ప్రభుత్వ సాయమంతా వృథా అనుకోకూడదు. అమెరికా ఇంధన శాఖ చిన్న కంపెనీలకు పరిశోధన గ్రాంట్లు ఇస్తుంది. దరఖాస్తులకు ర్యాంకులు వేస్తారు. కటాఫ్‌కు కాస్త పైన ఉండి గ్రాంటు పొందినవారిని, కాస్త కింద ఉండి పోగొట్టుకున్నవారిని హోవెల్ పోల్చి చూశారు. సామర్థ్యంలో ఈ ఇద్దరికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి తర్వాత కనిపించిన తేడాను చాలావరకు గ్రాంటు ఫలితంగానే తీసుకోవచ్చు. 2017లో వచ్చిన ఆ వ్యాసం ప్రకారం, లక్షన్నర డాలర్ల తొలిదశ గ్రాంటుతో ఆ తర్వాత వెంచర్ పెట్టుబడి (కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే ఫండ్ల నిధులు) దొరికే అవకాశం 10 శాతం నుంచి 19 శాతానికి చేరింది. పది లక్షల డాలర్ల రెండోదశ గ్రాంటుకు మాత్రం అలాంటి ప్రభావం కనబడలేదు. మొదటి డబ్బుతో నమూనా తయారవుతుంది. అది పనిచేస్తుందో లేదో తేలుతుంది. ఆ దశ దాటాక బయటి డబ్బు తనంతట తానే వస్తుంది.

ఇజ్రాయెల్ ఉదాహరణ మన సదస్సుల్లో తరచూ వినిపిస్తుంది. 1993లో పది కోట్ల డాలర్లతో మొదలైన యోజ్మా పథకంలో ప్రభుత్వం ప్రైవేటు వెంచర్ ఫండ్లలో వాటా తీసుకుంది; లాభం వస్తే ఆ వాటాను ముందే ఒప్పుకున్న ధరకు కొనుక్కునే వీలు వాటికి ఉండేది. దానికి ముందు ఏడాది తెచ్చిన ఇన్బాల్ పథకం నష్టం వస్తే 70 శాతం వరకు పూచీ ఇచ్చింది. అది ఫలించలేదు. నష్టానికి పూచీ కంటే లాభంలో వాటా మేలని ఇక్కడ అనిపిస్తుంది. కానీ అవే సంవత్సరాల్లో సోవియట్ దేశాల నుంచి ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు పెద్దసంఖ్యలో అక్కడికి వలస వచ్చారు. విజయమంతా యోజ్మా ఖాతాలో వేయడం తొందరపాటే.

మన దేశానికి వద్దాం. ఇక్కడ చాలాకాలం ప్రోత్సాహం కంటే అడ్డంకే పెద్దది. నల్లధనం ఆపడానికి 2012లో ఆదాయపన్ను చట్టంలో చేర్చిన సెక్షన్‌కు ఏంజెల్ ట్యాక్స్ అనే పేరు స్థిరపడింది. ఒక ఊహా లెక్క చూడండి. కంపెనీ 10,000 షేర్లను ఒక్కోటి 500 రూపాయలకు ఇచ్చింది. సరైన విలువ వందేనని అధికారి తేల్చాడు. తేడా 40 లక్షలను కంపెనీ ఆదాయంగా లెక్కగట్టేవారు. దానిపై 30 శాతం చొప్పున పన్ను 12 లక్షలు. ఆ కంపెనీ ఇంకా ఒక్క రూపాయి సంపాదించలేదు, వచ్చినదల్లా పెట్టుబడే. షేరు విలువకు ఆధారం రాబోయే ఏళ్ల అంచనాలైతే, ఆ అంచనా తప్పిందంటూ ఏళ్ల తర్వాత వివాదాలు నడిచేవి. 2019లో, కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు 25 కోట్ల వరకు మినహాయింపు ఇచ్చారు. 2024 జూలై బడ్జెట్లో ఆ పన్నునే పూర్తిగా ఎత్తేశారు. నా దృష్టిలో ఇది కొత్త రాయితీలన్నిటికంటే అవసరమైన పని. అయితే ఈ రద్దు వల్లే పెట్టుబడి ఇంత పెరిగిందని ఎవరైనా చెబితే నమ్మే ముందు ఆగాలి. ప్రపంచ వడ్డీరేట్లు కూడా ఇవే ఏళ్లలో పెట్టుబడులను పైకీ కిందికీ లాగాయి.

సెక్షన్ 80-ఐఏసీ సంగతి వేరు. గుర్తింపు పొందిన స్టార్టప్ విడిగా అనుమతి తీసుకుంటే మొదటి పదేళ్లలో వరుసగా మూడేళ్లు లాభంపై పన్ను కట్టనక్కర్లేదు. తొలి ఏళ్లలో లాభమే ఉండని కంపెనీకి ఈ వరం ఎంతవరకు అక్కరకొస్తుంది? 2024 చివరికి గుర్తింపు పొందిన స్టార్టప్‌లు లక్షన్నర దాటాయి. ఈ మినహాయింపు మంజూరైనవి 2025 మే నాటికి 3,700 పైచిలుకు మాత్రమే.

ఆధారాలకు దగ్గరగా ఉన్న పథకాలు కూడా మనకు ఉన్నాయి. 2021లో మొదలైన 945 కోట్ల సీడ్ ఫండ్, ఇంక్యుబేటర్ల (తొలిదశ కంపెనీలకు చోటు, సలహా ఇచ్చే సంస్థల) ద్వారా నమూనా దశకు 20 లక్షల వరకు గ్రాంటు ఇచ్చేలా రూపొందింది. హోవెల్ చూపిన తొలిదశ ఇదే. 2016లో ప్రకటించిన 10,000 కోట్ల ఫండ్ ఆఫ్ ఫండ్స్‌ను చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బి నడుపుతోంది. సిడ్బి నేరుగా కంపెనీని ఎంచుకోదు. సెబీలో నమోదైన ఫండ్లకు డబ్బు ఇస్తుంది, వారు దానికి కనీసం రెండింతలు స్టార్టప్‌లలో పెట్టాలి. పలు దేశాల కంపెనీలను చూసిన ఒక అధ్యయనంలో కూడా, ప్రభుత్వ, ప్రైవేటు వెంచర్ నిధులు రెండూ అందుకున్న కంపెనీలు ఏదో ఒకటే అందుకున్నవాటికంటే మెరుగ్గా నిలిచాయి. అయితే మంచి కంపెనీలకే రెండు రకాల డబ్బూ దొరికి ఉండవచ్చన్న అనుమానం పూర్తిగా తొలగదు.

హైదరాబాద్‌లో 2015లో స్టార్టప్ ఇంక్యుబేటర్ టీ-హబ్ మొదలైంది, 2022లో రాయదుర్గంలో పెద్ద భవనంలోకి మారింది. ఆంధ్రప్రదేశ్ 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభించింది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ పోటీపడుతున్నాయి, సంతోషం. కానీ ఎన్ని స్టార్టప్‌లు చేరాయి, ఎన్ని నిధులు తెచ్చుకున్నాయి అన్న అంకెలతో ఫలితం తేలదు. అక్కడ చేరకపోయినా అవి తెచ్చుకునేవేమో అన్న ప్రశ్నకు ఆ అంకెల్లో జవాబు ఉండదు. అందుకు కొద్దిలో అవకాశం తప్పిపోయినవారి సంగతి తెలియాలి.

కాబట్టి కేంద్రానికీ రెండు రాష్ట్రాల ఐటీ శాఖలకూ ఒక విన్నపం. ప్రతి గ్రాంటుకూ దరఖాస్తులకు వేసిన మార్కులు, కటాఫ్, ఎంపిక కానివారి వివరాలు పేర్లు తీసేసి భద్రపరచండి, పరిశోధకులకు ఇవ్వండి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఇది జరిగితే, మన రాయితీలు మన దగ్గర పనిచేశాయో లేదో అయిదేళ్లలో మన లెక్కలతోనే చెప్పగలం.